ఈతలదిబ్బ తూము తలుపు ఎత్తింది నేనే

ఈతలదిబ్బ,
ఆదివారం, 23-8-1998.

కృష్ణా జిల్లా కలెక్టరు గారికి,
మచిలీపట్నం.

అయ్యా,

విషయం: ఈతలదిబ్బ పిల్లకాలువ చివరి తూము తలుపును అనుమతి లేకుండా ఎత్తిన నేరం నాది అగుటచేత, సదరు నేరమును కాలువ కాపలా లస్కరు తాతారావు మీద నుంచి తీసి నా మీద మోపవలసినదిగాను, నా పొలమును పొలముగా గుర్తించి నీరు ఇప్పించవలసినదిగాను కోరుట గురించి.

సూచిక: (అ) సదరు లస్కరును విధుల నుంచి తప్పిస్తూ ఇచ్చిన ఉత్తర్వు. (ఆ) నాకు ఇంతవరకు ఏ నోటీసూ ఇవ్వకపోవుట.

ఈతలదిబ్బ గ్రామ కాపురస్తురాలు, తుమ్మల శివరామయ్య గారి భార్య, వ్యవసాయం చేసుకుని బతికే తుమ్మల అరుణకుమారి తమకు తెలియజేసుకొనునది. అర్జీలు సాధారణంగా ‘నేను చేయలేదు’ అని రాసుకునేవి. ఇది ‘నేనే చేశాను’ అని రాస్తున్నది. కనుక కొంచెం ఓపిక పట్టి ఆఖరు దాకా చదవవలెను.

1. మా పొలం కాలువ శివారున ఉన్నది. దాని అవతల మురుగు కాలువ, దాని అవతల మడ అడవి, ఆ తర్వాత సముద్రం. మంచినీరు మాకు అందరికంటే చివర వచ్చును. ఉప్పు అందరికంటే ముందు వచ్చును.

నేను కాపురానికి వచ్చిన ఏడాదికే డెబ్భై ఏడు ఉప్పెన వచ్చింది. మనుషుల సంగతి ఇక్కడ రాయను. అది ఈ అర్జీకి సంబంధించినది కాదు, రాయబోతే ఈ కాగితం చాలదు. నేల సంగతి మటుకు రాస్తాను. నీళ్ళు తీశాక పొలాల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. గడ్డి కూడా మొలవలేదు. మరుసటి తొలకరికి కాలువ నీళ్ళు ధారాళంగా వదిలారు. పొలం నిండా కట్టి, ఎడ్లతో తొక్కించి, కొన్నాళ్ళు నిలవబెట్టి, మురుగు కాలువలోకి వదిలేశాం. మళ్ళీ కట్టాం, మళ్ళీ వదిలాం. అలా చేయగా చేయగా వరి పండింది. మినుము పండటానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మినుము మాట ఎందుకు ఎత్తానంటే, వరి కోతకు ముందే ఆ చేలో మినుములు చల్లుతాం. వరి కోశాక దానికి ఒక్క తడి పెట్టం. నేలలో మిగిలిన తేమ, పైన కురిసే మంచు, ఈ రెంటితోనే అది కాపు కాస్తుంది. నేలలో తేమ సరిగ్గా ఉందో లేదో మినుము చెప్పినంత నిజంగా ఇంకొకటి చెప్పదు. మా పొలంలో మినుము మళ్ళీ కాసిన ఏడు మా అత్తగారు గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఆ రోజుల్లో మా పొలంలో ఉన్నది సాక్షాత్తూ సముద్రం. సముద్రమని కాగితంలో రాసుకుని మాకు నీళ్ళు ఆపిన అధికారి ఒక్కరు లేరు.

2. 1992లో మా పొలం, చుట్టుపక్కల మరికొన్ని పొలాలు రొయ్యల చెరువులకు లీజుకు పోయినవి. మాది మేమే ఇచ్చాము. ఎవరూ బలవంతం చేయలేదు. యంత్రాలు వచ్చి మెత్తటి పైమట్టి గీసి గట్లు పోశాయి. అడుగు గట్టిపడేదాకా తొక్కాయి. ఉప్పుటేటి నుంచి మోటార్లతో నీళ్ళు తోడారు. సముద్రం ఒక్క రాత్రి చేసిన పనిని మూడేళ్ళు పొద్దస్తమానం కరెంటు పెట్టి చేశారు. తర్వాత రొయ్యకు తెల్లమచ్చ రోగం వచ్చింది. లీజుదారు ఇంకొక పంట వేసి చూసి, అదీ పోయాక మోటార్లు లారీకి ఎక్కించాడు. వెళ్ళేముందు ఒకసారి వచ్చి నేల చూడమని అడిగాను.

“చూసేదేముందండీ, నేల మీదే కదా” అన్నాడు.

నిజమే. నాదే. అందుకే ఇదంతా.

3. సదరు నేలను తిరిగి పొలము చేసుకొనదలచి నిరుడు వేసవిలో గట్లు కొట్టించి మట్టి లోపలికి సర్దించాము. కాలువలు వదిలాక నీరు కోరుతూ మా కాలువ చూసే సెక్షను ఆఫీసుకు వెళ్ళాను. ఆ అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు.

“చెరువులకి సాగునీరు ఇవ్వకూడదమ్మా, రూలు” అన్నారు.

“చెరువు లేదండీ. గట్లు తీసేశాం. రొయ్య లేదు, చేప లేదు, చుక్క నీళ్ళు లేవు.”

“నీళ్ళు లేకపోయినా రికార్డులో చెరువేనండీ. మండలాఫీసులో పొలం అని మార్పించుకురండి, ఇచ్చేస్తాం.”

మండలాఫీసుకు వెళ్ళాను. అక్కడ గుమాస్తా గారు ఇంకా మర్యాదస్తులు, టీ కూడా తెప్పించారు. ఒక పంట సాగు చేసి చూపిస్తే గానీ పొలం అని మార్చటానికి వీలుండదని చెప్పారు. సాగు చేయటానికి నీళ్ళు కావాలి కదా అన్నాను. నీళ్ళ సంగతి తమ ఆఫీసుది కాదన్నారు. ఈ విధముగా రెండు ఆఫీసుల నడుమ నేను తిరుగుచుండగానే ఆ ఏటి ఊడ్పులు అయిపోయినవి. నా నేల బీటలు తీసి, పైన చౌడు పట్టి, మంచం మీద వేసిన తెల్ల దుప్పటిలా కనపడింది.

మా ఆయన నెమ్మదస్తులు. ఆఫీసు మెట్లు ఎక్కాలంటే ఆయనకు చెమటలు పడతాయి, కాబట్టి ఈ తిరుగుడంతా నాదే. ఒకనాడు బస్సు దిగి వచ్చేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

“వదిలెయ్యవే. పాడైపోయిన నేల. మళ్ళీ చెరువుకే ఎవడో ఒకడు అడుగుతాడు, ఇచ్చేద్దాం” అన్నారు.

“పాడు చేశారు అనండి. పాడైపోయింది అనకండి” అన్నాను.

తమ ఆఫీసులలో కూడా ‘పాడైన భూములు’ అనే మాట వాడుకలో ఉన్నట్లు విన్నాను. నేలకు ఆ పేరు పెడితే దాన్ని ఇక ఏమైనా చేయవచ్చు. ఆ పేరు నేను ఒప్పుకోను.

4. మా వ్యవసాయాధికారి ప్రకాశరావు గారి గురించి ఒక మంచి మాట రాయవలసి ఉన్నది. ఆయన పిలవగానే వచ్చారు. బూట్లు విప్పి దిగారు. పారతో మోకాలి లోతు గొయ్యి తీసి, మట్టి పిడికిట్లోకి తీసుకుని పిసికారు. ఉండ కట్టింది. నేను అడిగాను:

“ఇంత తడి ఉంది కదండీ, గింజ వేస్తే ఎందుకు మాడిపోతోంది?”

“తడి ఉందండీ, మొక్కకి అందటం లేదు. ఉప్పు దాన్ని పట్టుకుని వదలట్లేదు. నీళ్ళలో నిలబడి దాహంతో చచ్చిపోతోంది మొక్క” అన్నారు. “పైగా అడుగు బండలా చేశారు. వాన పడితే లోపలికి దిగదు, పైనే నిలిచి ఎండకు పోతుంది. పోతూ పోతూ కింది ఉప్పుని పైకి లాక్కొస్తుంది.”

“అయితే ఇక అంతేనా?”

“అంతే అంటే నేనెందుకు వస్తానండీ. అడుగు చితగ్గొట్టండి. జిప్సం నేను ఇప్పిస్తాను. మంచినీళ్ళు నిలవకట్టి వదిలెయ్యండి. తర్వాత పచ్చిరొట్టకి జీలుగ చల్లి, అది ముదరకముందే దమ్ము దున్ని బురదలో కలిపెయ్యండి. నేల మళ్ళీ గుల్లవుతుంది, తేమ పట్టుకోవటం మొదలెడుతుంది. ఒక్క ఏడాదిలో కాదు. కానీ అవుతుంది.”

ఆయన ఇదే సంగతి సెక్షను ఆఫీసుకు రాసి పంపారు. నకలు ఈ అర్జీకి జతపరచడమైనది. అసలుకు జవాబు లేదు.

5. నా పొలానికి ఆనుకుని జకరయ్య పొలం ఉన్నది. అది ప్రభుత్వం వారు ఆయన తండ్రికి పట్టా ఇచ్చినది. జకరయ్య ఏనాడూ చెరువుకు ఇవ్వలేదు. ఎందరు అడిగినా ఇవ్వలేదు. అయినా మా చెరువులో నిలిచిన ఉప్పునీరు గట్టు అడుగున ఊరి ఆయన పొలం వేసవిలో కూడా చిత్తడిగా ఉండేది. చూసినవాళ్ళు తడి ఉంది, అదృష్టవంతుడు అనేవారు. ఆ తడిలో మినుము ఆకు అంచులు మాడి పసుపు తిరిగి చచ్చిపోయేది. నాలుగేళ్ళు వరసగా చచ్చిపోయింది.

మేం గట్లు కొట్టిస్తుంటే జకరయ్య వచ్చి తన మడిలో నిలబడ్డాడు.

“ఇప్పుడా అమ్మా కొట్టేది” అన్నాడు.

 ఈ ఏడు తొలకరికి నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి, తూము ఎత్తుదామనుకుంటున్నాను, నాతో వస్తావా అని అడిగాను. 

“నీళ్ళ బోదె నా మడిలోంచే కదా రావాలి. ముందు నా మడి నిండాలి, తర్వాతే మీది. నా మడి నీళ్ళు మురుగులోకి పోయినాకే మీ నీళ్ళు పోవాలి. అట్టాగైతే పార తీసుకుని వస్తా” అన్నాడు.

అలాగే అన్నాను. న్యాయం కూడా అదే.

6. జులై నెలలో, కాలువకు నీళ్ళు వచ్చిన వారంలో, సోమవారం నాడు, పట్టపగలు, అవనిగడ్డ బస్సు వచ్చి నిలబడి జనం దిగుతున్న వేళకు, సదరు తూము తలుపు తాళమును నేను గునపముతో పగలగొట్టితిని. రాత్రిపూట చేసే పని కాదని అలా చేశాను. మా తూముకు దిగువన ఇంకెవరి ఆయకట్టూ లేదు. మేం తీసుకోని నీళ్ళు మురుగు కాలువలో కలిసి సముద్రంలోకి పోతాయి. ఎవరి వంతూ మేం తీసుకోలేదు.

లస్కరు తాతారావు అప్పుడు గట్టు మీద ఉన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ కాలువ చూస్తున్న మనిషి. నన్ను సొంత అక్కలా చూస్తాడు.

“వద్దక్కా. నా ఉద్యోగం పోద్ది” అన్నాడు.

“నువ్వు నన్ను ఆపావు, నేను ఆగలేదు. వెళ్ళి ఆఫీసులో అదే చెప్పు” అన్నాను.

వెంటనే సైకిలెక్కి వెళ్ళి చెప్పాడు. తూము తెరిచారని మొట్టమొదట ఆఫీసుకు తెలియజేసింది అతనే. ఈ సంగతి ఉత్తర్వులో లేదు.

గేరు చక్రం తుప్పు పట్టి కదలలేదు. జకరయ్యా నేనూ చెరొక వైపు పట్టుకుని తిప్పాం. తలుపు లేచింది. నీళ్ళు బోదెలోకి దూకిన చప్పుడు విని బస్సు దిగినవాళ్ళు నలుగురు వచ్చి చూశారు. ఒక్కరు కూడా ఆపమనలేదు.

ముందు జకరయ్య మడి నిండింది. తర్వాత నాది. నేను గట్టున నిలబడి నీళ్ళు పగుళ్ళలోకి దిగుతుంటే చూశాను. నేల బుడబుడమని గాలి వదిలింది. నేను ఏడవలేదు. ఏడాది పాటు తిరిగిన కోపం ఉంది, దానితోనే సరిపోయింది.

చిక్కు తర్వాత వచ్చింది. పొలాలు నిండాక తలుపు దించబోతే దిగదే. గేరు పళ్ళు పట్టేశాయి. నీళ్ళు బోదె పొర్లి రోడ్డు వైపు తిరిగాయి. తాతారావుకు కబురు పంపక తప్పలేదు. గ్రీజు డబ్బా పట్టుకుని వచ్చి, నీళ్ళలోకి దిగి, గంట సేపు తంటాలు పడి దించాడు. రోడ్డు తెగకుండా నిలబడింది అతని వల్లనే.

“ఎత్తేముందు ఒక్క మాట అడిగితే పళ్ళు అరక్కుండా ఎట్టా తిప్పాలో చెప్పేవాణ్ణి కదక్కా” అన్నాడు.

“అడిగితే చెప్పేవాడివా?”

“చెప్పేవాణ్ణి కాదులే.”

7. ఆ పైవారం తాతారావును విధుల నుంచి తప్పించారు. ఉత్తర్వులో రాసిన మాట ఉన్నదున్నట్లు రాయుచున్నాను: “తలుపును మూయుటలో సదరు లస్కరు చూపిన నేర్పును బట్టి, తెరచుట సైతము అతని సహకారముతోనే జరిగినట్లు భావించవలసియున్నది.”

అంటే ఇల్లు తగలబడితే ఆర్పినవాడే అంటించి ఉంటాడని.

నేను సెక్షను ఆఫీసుకు వెళ్ళి తలుపు ఎత్తింది నేనని చెప్పాను.

“మీరెందుకు ఎత్తుతారమ్మా. ఆడవాళ్ళు తిప్పే గేరా అది” అన్నారు.

బొబ్బలు ఇంకా మానలేదు. రెండు అరచేతులూ బల్ల మీద పెట్టాను.

“అమ్మా, ఇది ఆఫీసు” అన్నారు.

నాకు నోటీసు ఎందుకు రాలేదో ఆలోచించగా ఇలా తోచింది. నోటీసు ఇవ్వాలంటే నేను దేనికి నీళ్ళు పెట్టానో రాయాలి. పొలానికి పెట్టానంటే అది పొలమని ఒప్పుకున్నట్టు. చెరువుకు పెట్టానంటే, వచ్చి చూసినవాడెవడైనా నవ్వుతాడు. కనుక రాయటానికి సులువైన మనిషి మీద రాశారు.

తాతారావు ఇప్పుడు గిలకలదిండి రేవులో బోట్లకు ఐసు మోస్తున్నాడు. నేను వెళ్ళి చూశాను. వీపు మీద గోనెపట్టా, దాని మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి ఐసు దించి వచ్చాడు. తిడతాడేమోనని సిద్ధపడే వెళ్ళాను.

“జీలుగ మొలిచిందా అక్కా?” అని అడిగాడు.

మొలిచిందని చెప్పాను.

“జకరయ్యది?”

“అది ఇంకా బాగా మొలిచింది.”

“అయితే సరే” అని మళ్ళీ ఐసు ఎత్తుకున్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

8. ఇప్పటి పరిస్థితి. ఆ నీళ్ళు మురుగులోకి వదిలేసి జీలుగ చల్లాం. తర్వాత పడ్డ వానలకు మరికొంత ఉప్పు కడుక్కుపోయింది. జకరయ్య మడిలో జీలుగ ఒత్తుగా, నడుం ఎత్తున లేచింది. నా పొలంలో అలా లేదు. ఉన్నదున్నట్టే రాస్తున్నాను. మోటారు షెడ్డు ఉండిన చోట, గట్టు అడుగుల్లో ఏమీ మొలవలేదు. మిగతా చోట్ల మోకాలెత్తున, పలచగా ఉంది. ప్రకాశరావు గారు వచ్చి మొక్క పీకి వేళ్ళు చూశారు. వేళ్ళు జానెడు కిందికి దిగాయి. ఆయన ఆ మొక్కను కాగితంలో చుట్టుకుని తీసుకెళ్ళారు.

ఇప్పుడు రెండోసారి నీళ్ళు కావాలి. జీలుగ దమ్ములో కలపాలి, ఊడ్చాలి. నారు ఎగువ ఊళ్ళో పోయించి సిద్ధంగా ఉంచాం. ఈసారి కాలువకు వచ్చే వంతు నీళ్ళు దాటిపోతే జీలుగ ముదిరి కట్టెలవుతుంది, నారు ముదిరిపోతుంది, ఉప్పు మళ్ళీ పైకొస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి, చూశారా, చెప్పాం కదా, పాడైన నేల అంటారు.

కావున తమరు చేయవలసినవి:

తాతారావును వెంటనే అతని కాలువ మీదికి పంపవలెను. అతను చేసిన తప్పేదైనా ఉంటే అది రోడ్డును కాపాడటమే.

తాళం పగలగొట్టినందుకు నా మీద కేసు పెట్టవలెను. జకరయ్య నేను పిలిస్తే వచ్చాడు, ఆయన పేరు కలపరాదు. కోర్టుకు పిలిస్తే వస్తాను. నోటీసులో మాత్రం ‘పొలమునకు నీరు పెట్టినందుకు’ అని రాయవలెను. ఆ ఒక్క మాట తమ ఆఫీసు ముద్రతో నా చేతికి వస్తే మిగతా శిక్ష ఏదైనా సంతకం పెట్టి తీసుకుంటాను.

తమరే స్వయంగా వచ్చి చూడవలెను. రికార్డు చూడవద్దు. నేల మీద నిలబడి చూడండి. అది చెరువని తమకు అనిపిస్తే ఆ మాట నా ఎదుట అనండి.

ఇవేవీ కాకపోయినా నీళ్ళు వచ్చిన రోజున తలుపు మళ్ళీ ఎత్తుతాను. ఇది బెదిరింపు కాదు. తమకు తెలియకుండా చేశానన్న మాట రాకూడదని ముందుగా తెలియజేస్తున్నాను.

ఈ సంగతులు తమ మనసున పెట్టవలెనని కోరుతూ,

ఇట్లు,
విధేయురాలినని రాయటం ఆచారమట. నాకు చేత కావటం లేదు.
తుమ్మల అరుణకుమారి
(రైతు)

తా.క. రేపు సోమవారం అర్జీల రోజని నేనే బందరు వచ్చి తమ చేతికి ఇద్దామనుకున్నాను. ఇది రాయటం ముగించేసరికి జకరయ్య పరుగున వచ్చి కాలువకు నీళ్ళు వచ్చాయని చెప్పాడు. నేను కాగితం వంకా కాలువ వంకా చూస్తుంటే మా ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు.

“నువ్వు తూము దగ్గరికి వెళ్ళు. ఆ కాగితం ఇలా ఇవ్వు. సాయంత్రం బస్సుకే బందరు నేను వెళ్తాను” అన్నారు.

“మీరా?” అన్నాను.

“ఊఁ. ఏమనాలో చెప్పు” అన్నారు. ఏమీ అనక్కర్లేదు, ఇచ్చి నిలబడండి, సంతకం పెట్టిన రసీదు ఇచ్చేదాకా కదలకండి అని చెప్పాను. సరేనన్నారు.

కనుక రేపు తమ ఎదుట చెమటలు కక్కుతూ నిలబడే మనిషి నా భర్త. ఆయన్ను కాసేపు ఫ్యాను కింద కూర్చోబెట్టండి. నాతో మాట్లాడవలసి ఉంటే నేను తూము దగ్గరే ఉంటాను.